గోడ అవతల కుడితి తొట్టి

ఆ గోడ కూలినప్పుడు నేను నవ్వాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, తల పక్కకు తిప్పుకోలేదు. అందరూ చూస్తుండగానే నవ్వాను. ఎందుకు నవ్వానో చెప్పాలంటే ఆ గోడ ఎట్లా లేచిందో ముందు చెప్పాలి. నేను ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. రాయడం అలవాటు లేదు. ఈ కాస్త రాయడానికే చాలా కాగితాలు చింపేశాను. కోపం గుర్తొచ్చినప్పుడు నా అక్షరాలు పెద్దవైపోయి గీత దాటిపోతున్నాయి. అయినా రాస్తాను.

మాది గిద్దలూరు నుంచి వచ్చే రోడ్డు మీద, కొండ దగ్గరపడే చోట ఉన్న ఊరు. మేం గొర్రెలు కాచుకునేవాళ్ళం. మంద వెంట మా ఆయన పోతాడు. ఇల్లు, దొడ్డి, ఆవు నేనూ మా అత్తా చూసుకుంటాం. మా ఇల్లు ఊరి చివర, రోడ్డుకు కాస్త వెనకగా ఉంటుంది. ఇంటికీ రోడ్డుకీ మధ్య ఒక చేను. ఆ చేని వెంబడి డొంక ఉండేది. డొంక అంటే పశువులూ బండ్లూ నడిచే దారి. అది ఎవరి పట్టాలోనూ ఉండదు. మా దొడ్డి ముందు మొదలై తిన్నగా రోడ్డు దాకా పోయేది. రోడ్డు దాటితే కొండ, మేత. మా ఆయన తాత కూడా మందను ఆ డొంకనే తోలాడు.

మా ఆవుకైతే ఆ దారిలో తోలే మనిషే అక్కర్లేదు. సాయంత్రం రోడ్డు దాటించి వదిలేస్తే చాలు, దూడను వెంటబెట్టుకుని డొంక పట్టుకుని మా దొడ్డి మూలనున్న కుడితి తొట్టి దగ్గరికి వచ్చేసేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు కలిపి మా అత్త ఆ తొట్టిలో పోసేది. పోసే ముందు బకెట్టు మీద చేత్తో కొట్టి, "రావే తల్లీ, రా" అని పిలిచేది. ఆ చప్పుడు వింటే ఆ ఆవు పరుగు తీసేది.

ఆ చేను కొన్న మనిషి మా ఊరివాడే. కాంట్రాక్టు పనులు చేసి బాగుపడ్డాడు. పెళ్ళిళ్ళకు ఫంక్షన్ హాలు కడుతున్నానని చెప్పాడు. మంచిదే అనుకున్నాం. పునాదులు తీసే రోజు చూస్తే గుంతలు చేనులో సగం, డొంకలో సగం ఉన్నాయి. మా ఆయన పోయి అడిగాడు. "డొంక మీద కడుతన్నావ్ గదన్నా" అంటే, "యాడుంది డొంక? చూపీ" అన్నాడంట. అప్పటికే జేసీబీతో మొత్తం చదును చేసేశాడు. చూపించడానికి ఏం మిగలలేదు.

మా ఆయన మాట పడనివాడు, గొడవ పడనివాడు కూడా. తిరిగొచ్చి చొంబుతో నీళ్ళు తాగి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. పంచాయతీకి పోయాను.

మా సర్పంచి ఆడపిల్ల. నాకంటే చిన్నది, నన్ను అత్తా అంటుంది. పాపం మంచిదే. ఆమె పక్కన పంచాయతీ కార్యదర్శి కూర్చున్నాడు. చెప్పిందంతా విని ఆమె ఆయన ముఖం చూసింది. ఆయన పెన్ను మూత పెట్టి చెప్పాడు.

"డొంక రెవెన్యూ వాళ్ళదమ్మా. మాది కాదు."

"మరి కట్టేది మన ఊర్లోనే గదయ్యా?"

"కట్టేది ఊర్లోనే. ప్లాను పైనుంచి పాసయి వచ్చింది. మేం నోటీసు ఇయ్యగలం. గోడ మీద చెయ్యి వేయలేం."

"నోటీసు ఇస్తే ఏమయితది?"

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. సర్పంచి చెప్పింది. "అతికిస్తారత్తా."

మండలాఫీసుకు పోయాను. సోమవారం అర్జీలు తీసుకునే వరుసలో నిలబడ్డాను. అక్కడ చూసినాయన, ఈ జాగా గ్రామకంఠంలో కలిసింది, ఇళ్ళ జాగా కింద లెక్క, మీ పంచాయతీనే చూసుకోవాల అన్నాడు. మళ్ళీ పంచాయతీకి వచ్చాను. కాదమ్మా రెవెన్యూనే అన్నారు. ఆ రెండు ఆఫీసుల మధ్య నేను తిరిగినన్నాళ్ళూ హాలు లేచింది. స్లాబు వేశారు. సర్పంచి మాత్రం తన చేతనైంది చేసింది. పంచాయతీలో తీర్మానం పెట్టించింది. డొంక వదిలి కట్టాలని రాయించి, సంతకాలు చేయించి, నోటీసు ఇప్పించింది. వెనక గోడ మీద అతికించారు. ఆ గోడ సరిగ్గా మా దొడ్డి ముందు, డొంకకు అడ్డంగా లేచిన సిమెంటు ఇటుకల గోడ.

మరుసటి వారం ఆ మనిషి కోర్టు నుంచి స్టే కాగితం తెచ్చాడు. దాన్ని చేత్తో ఊపుకుంటూ మా దొడ్డి దాకా వచ్చాడు.

"ఏమ్మే, పంచాయతీ, పంచాయతీ అని తిరిగినావే, ఏం పీకినారు మీ పంచాయతోళ్ళు?"

మా అత్త అరుగు మీద కూర్చుని పొగాకు నలుపుకుంటోంది. "నాయనా, మా గొర్రెలు యాడ నడవాల?" అని మర్యాదగానే అడిగింది.

"తారు రోడ్డుందిగా ముసిలీ. సర్కారు వేసింది మీ గొర్రెల కోసమే." అని నవ్వాడు. వెంట వచ్చిన వాళ్ళు కూడా నవ్వారు. "అయినా పెళ్ళి హాలు పక్కన ఈ పెంటికల కంపేంది? మీరే ఇంకో చోటు చూసుకోండి" అని పోయాడు.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

అప్పటి నుంచి మంద ఊర్లో సందులన్నీ తిరిగి రోడ్డెక్కాల్సి వచ్చింది. సందుల్లో ఆడవాళ్ళు ముగ్గులు తొక్కుతున్నాయని తిట్టేవాళ్ళు. అందులో తప్పేం లేదు, నా ముగ్గు తొక్కితే నేనూ తిడతాను. రోడ్డెక్కాక లారీలు. ఒక సాయంత్రం మూల మలుపులో లారీ వచ్చి మంద చివరనున్న చూలు గొర్రెను కొట్టేసింది. ఇంకొన్ని రోజుల్లో ఈనాల్సింది అది. మా ఆయన దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. లారీవాణ్ణి ఏమీ అనలేదు. దొడ్డి ముందు దించి, ఆ గోడ వైపు చూసి, లోపలికి పోయి పడుకున్నాడు. అన్నం తినలేదు. మా అత్త గొర్రె కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. లోపల పిల్ల ఇంకా కదులుతోంది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

ఆ రోజు నేను గోడ దగ్గరికి పోయి నోటీసు చదివాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని మొత్తం చదివాను. ఎంత బాగా రాశారో. అందులో ఉన్నదంతా మా మాటే. దాని కింద గోడ మాత్రం ఎట్లా ఉన్నది అట్లానే ఉంది. వీడు నా చేతిలోనే అనుభవించాలి అని అప్పుడే అనుకున్నాను. ఎట్లా అని తెలియదు.

ఆ మనిషికి ఒక సంగతుంది. కోర్టంటే భయం లేదు, ఆఫీసంటే భయం లేదు, దిష్టంటే చచ్చేంత భయం. హాలు కట్టినన్నాళ్ళూ ముందర బూడిద గుమ్మడికాయ వేలాడింది, కుళ్ళకముందే కొత్తది కట్టేవాడు. స్లాబు మీద రాక్షసుడి బొమ్మ, గేటుకు నిమ్మకాయలు, మిరపకాయలు. ఎవరైనా "అబ్బో, భలే కట్టినావు" అంటే ఇంటికి పోయి ఉప్పు తిప్పించుకునేవాడంట. అతని భార్య ఇంకా ఎక్కువ.

హాలు ప్రవేశానికి ముందురోజు సాయంత్రం నేను కుడితి కలుపుతుంటే, ఆ మనిషి మా దొడ్డిలోకి వచ్చాడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు. అప్పుడే నాకు అర్థమైంది, ఏదో అవసరం పడిందని.

"అక్కా" అన్నాడు.

మా అత్త నా వైపు చూసింది. మూడేళ్ళ పిల్ల మొదటిసారి మాట్లాడినప్పుడు చూసినట్టు చూసింది.

"ఏంది తమ్ముడా?" అన్నాను.

"రేపు ప్రవేశం. ముందర ఆవు పోవాల గదా లోపలికి. అర్ధవీడు కాడ ఒకాయన తోలుకొస్తానన్నాడు, ఇప్పుడు ఫోను ఎత్తట్లేదు. డెయిరీ కాడ అడిగితే జెర్సీ ఆవులున్నాయి. అయ్యవారు జెర్సీ పనికిరాదంటన్నాడు. నాటావే కావాలంట, దూడతో. మన ఊర్లో అందరికీ ఎనుములే. నాటావు నీకే ఉంది."

"నాకే ఉంది" అన్నాను.

"మనసులో ఏం పెట్టుకోవాకక్కా. నీకు మంచి పట్టుచీర పెడతా."

మా అత్త నోరు తెరిచింది. ఏం అంటుందో నాకు తెలుసు, అందుకే ముందే మాట్లాడాను.

"చీరొద్దు తమ్ముడా. మా ఆవు కొత్తోళ్ళ చేతికి లొంగదు. పలుపు నేనే పట్టుకుంటా. ఇంకెవురూ దాని మీద చెయ్యి వేయగూడదు. దాన్ని కొట్టగూడదు, అదిలించగూడదు. ఒప్పుకుంటే వస్తా."

"అంతేనా? అయ్యో, అయ్యవారు కూడా అదే చెప్పినాడు. ఆవును కష్టపెట్టగూడదంట." సంతోషంగా చెప్పులేసుకుని పోయాడు.

అతను పోగానే మా అత్త నా మీద విరుచుకుపడింది. "సిగ్గుందా నీకు? సచ్చిన గొర్రె రగతం ఇంకా ఆరలేదు, వాడింట్లోకి లక్ష్మిని నువ్వు తీసకపోతావా?"

నేను కలిపిన కుడితి బకెట్టు పక్కకు జరిపి మూత పెట్టాను. ఆవు అరిచింది.

"ఈ పూట దానికి కుడితి లేదత్తా" అన్నాను. "రేపు పొద్దున ఈ కుడితి నువ్వు తొట్టిలో పోద్దువు. బకెట్టు మీద కొట్టి, గట్టిగా పిలిచి పోద్దువు. నువ్విక్కడ, తొట్టి కాడ. నేను గోడకవతల ఉంటా."

మా అత్త బకెట్టు వైపు చూసింది, గోడ వైపు చూసింది. తర్వాత పొగాకు ఉమ్మేసి, "తవుడు ఎక్కువ కలుపుతా" అంది.

ఆ తెల్లారి ఆవుకు పసుపు రాసి, కొమ్ములకు కుంకుమ పెట్టి, దూడ మెడలో గంట కట్టి సందుల్లో నడిపించుకుంటూ హాలు గేటు దగ్గరికి తెచ్చాను. అది కడుపు ఖాళీగా ఉండి చిరాకు మీదుంది. గేటు దగ్గర డోలు, సన్నాయి మొదలెట్టేసరికి బెదిరి వెనక్కి లాగింది. ఇక్కడే ఆగిపోతే మొత్తం పోయినట్టే. "ఆపండయ్యా కాసేపు" అని అరిచాను. వాళ్ళు ఆపారు. జనం చాలా ఉన్నారు. మార్కాపురం నుంచి కూడా పెద్ద పెద్ద కార్లు వచ్చాయి. సర్పంచి కూడా వచ్చింది, పిలిచారుగా. నన్ను, నా చేతిలో పలుపును చూసి బిత్తరపోయింది.

ఆవు కాసేపు చెవులు ఆడించింది. గేటు ఉన్న చోటు రోడ్డు మీది నుంచి డొంకలోకి దిగే చోటే. దానికి గుర్తొచ్చిందో ఏమో, తల దించి లోపలికి నడిచింది. హాలు గడప దాటింది. నున్నటి బండల మీద గోనెసంచులు పరిచారు. నడిమధ్యలో ఆగి పేడ వేసింది. అందరూ సంతోషించారు. అతని భార్య ఆ పేడకు పసుపు కుంకుమ వేసి దండం పెట్టుకుంది. "లక్ష్మి నిలబడింది" అని ముసలమ్మలు అన్నారు. నేను పలుపు వదులు చేశాను. ఆవు హాలంతా దాటి, వంటశాల దాటి, వెనక తలుపులోంచి బయటికి వచ్చింది. అక్కడ గోడ. నోటీసు ఇంకా దాని మీదే ఉంది, ఎండకు పసుపుపచ్చగా మారింది.

అప్పుడే అవతల బకెట్టు మోగింది.

"రావే తల్లీ, రా! రా నా బంగారూ!"

ఆవు గోడకు నుదురు ఆనించి అరిచింది. దూడ కూడా అరిచింది. అయ్యవారు, "అమ్మా, ఇంక చాలు, ముందుకు తిప్పి గేటులోంచి పంపేయ్" అన్నాడు. నేను పలుపు లాగినట్టు లాగాను. ఆవు కదల్లేదు. అబద్ధం చెప్పను, గట్టిగా లాగలేదు. గట్టిగా లాగినా వచ్చేది కాదు.

"ఎవురు గోడ అవతల?" అని అడిగాడు ఆ మనిషి.

"మా అత్త."

"ఏం చేస్తంది?"

"ఏం చేస్తది తమ్ముడా, మా ఇంట్లో మా అత్త కుడితి పోస్తంది. పోయగూడదా?"

నలుగురు నవ్వారు. అతని ముఖం మాడింది. పనివాడు ఒకడు కర్ర తీసుకుని వచ్చాడు. వాణ్ణి నేను అడ్డుకోలేదు, ముసలమ్మలే అడ్డుకున్నారు. "వద్దురా పాపిష్టోడా! లోపలికి వచ్చిన లక్ష్మిని కొట్టి గేటులోంచి ఎళ్ళగొడతావా?" ఆ మాట ఎవరు ముందు అన్నారో తెలియదు, ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పాకిపోయింది. వచ్చిన గేటులోంచి వెనక్కి తోలితే హాలు నిలవదంట, పెళ్ళిళ్ళు నిలవవంట. అయ్యవారిని అడిగితే ఆయన గొంతు సవరించుకుని, "శాస్త్రంలో ఉందో లేదో చూడాల, కానీ మనసులో శంక పడ్డాక చేయకపోవడమే మంచిది" అన్నాడు. ముహూర్తం దాటిపోతోంది. కార్లలో వచ్చిన వాళ్ళు కండువాలు సర్దుకుంటూ, ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. ఆవు అరుస్తూనే ఉంది. అవతల మా అత్త ఆగలేదు, బకెట్టు డోలు కంటే బాగా మోగించింది.

అతని భార్య భర్త చెయ్యి పట్టుకుంది. "ఏందయ్యా చూస్తన్నావ్? గోడే గదా, మళ్ళా కట్టుకోవచ్చు. పగలగొట్టీ."

"ఏందే పగలగొట్టేది?"

"లక్ష్మి పోయే దారి నువ్వు మూస్తే నేను ఈ హాల్లో అడుగుపెట్టను."

అతను నా వైపు చూశాడు. నేను కూడా చూశాను. అతనికి అంతా అర్థమైందని నాకు తెలిసింది. నాకు కావాల్సింది కూడా అదే. అర్థం కావాలి. అర్థమై, తన నోటితోనే చెప్పాలి.

"సమ్మెట తేపోండ్రా" అన్నాడు.

మొదటి దెబ్బకు నోటీసు చినిగింది. సర్పంచి పక్కనే నిలబడి చూస్తోంది. "అత్తా, మా తీర్మానం అమలయ్యింది" అని నా చెవిలో గొణిగింది. నాకు అప్పుడే నవ్వొచ్చింది. ఇటుకలు కూలాయి. దుమ్ములోంచి మా అత్త బకెట్టు పట్టుకుని కనపడింది, నెత్తి మీద సిమెంటు పొడి పడింది. ఆవు ఇటుకల మీద అడుగులేసుకుంటూ పోయి తొట్టిలో మూతి పెట్టింది. తల ఎత్తకుండా తాగింది.

అయిపోయిందా అంటే కాలేదు. రెండ్రోజులకు అతను మేస్త్రీని తెచ్చాడు, గోడలో పడిన సందు మూయడానికి. అతని భార్య వచ్చి ఆ సందులో కూర్చుందంట. మేస్త్రీ తాపీ తీసుకుని పోయాడు. చివరికి అక్కడ ఇనుప గేటు పెట్టారు. తాళం పెట్టలేదు. దానికి కూడా ఆమె నిమ్మకాయలు కట్టింది.

ఇప్పుడు మా మంద ఆ గేటులోంచే పోతుంది. హాలు పక్కగా, కార్లు నిలిపే చోటులోంచి, ముందు గేటులోంచి రోడ్డుకు. పెళ్ళి ఉన్న రోజు మందను నేనే తోలతాను. ఆ రోజు మా ఆయనను ఇంట్లో ఉండమంటాను. పెళ్ళికూతురును ముందర పూల పందిరి కింద నిలబెట్టి ఫొటోలు తీసే వేళ చూసుకుని బయలుదేరతాను. తొందరపడను. చూలు గొర్రెలుంటే ఇంకా మెల్లగా. పెంటికలు ఎక్కడ పడితే అక్కడ పడతాయి. పెళ్ళికూతుళ్ళ మీద నాకు కోపం లేదు, చాలామంది నవ్వుతారు, ఒకమ్మాయి గొర్రెపిల్లను ఎత్తుకుని ఫొటో కూడా దిగింది. అతను మాత్రం మెట్ల మీద నిలబడి పళ్ళు కొరుకుతుంటాడు. ఆ పళ్ళ చప్పుడు కోసమే నేను మెల్లగా నడుస్తాను.

ఒకరోజు మెట్లు దిగి వచ్చాడు. "అక్కా, పొద్దున్నే తోలుకుపోవచ్చు గదా, ఎవురూ రాకముందు?"

"పంచాయతీలో చెప్పుకో తమ్ముడా" అన్నాను.

నిజంగానే పోయాడు. సర్పంచి నాకు తర్వాత చెప్పింది. కార్యదర్శి అంతా విని, పెన్ను మూత పెట్టి, "డొంకలో గొర్రెలు నడవొద్దనే అధికారం మాకు లేదన్నా. నోటీసు ఇయ్యగలం" అన్నాడంట. డొంక యాడుంది అని ఈసారి అతను అడగలేదంట.

నోటీసు ఇచ్చారు. కార్యదర్శి మనిషి మైదా పిండి జిగురు పూసి మా దొడ్డి తడికెకు అతికించి పోయాడు. నేను చదవడానికి కళ్ళద్దాల కోసం లోపలికి పోయాను. బయటికి వచ్చేసరికి మా మందలోని నల్లమేక ముందుకాళ్ళు తడికె మీద పెట్టి, సగం కాగితం నమిలేసింది. మా అత్త అరుగు మీద కూర్చుని చూస్తోంది, అదిలించలేదు.

నేను కూడా అదిలించలేదు. మిగతా సగం దానికి అందట్లేదు. పీకి నోటికి అందించాను.